లాటరీకెక్కిన లోయ

కొత్త వేట నిబంధనల మీద పార్కు శాఖవాళ్ళు ప్రజాభిప్రాయం తీసుకున్నారట. హురియాకి ఆ సంగతి నిబంధనలు అమల్లోకి వచ్చాక తెలిసింది. ఒక మంగళవారం మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగింటిదాకా, నూట నలభై కిలోమీటర్ల అవతల పట్నంలో, లైబ్రరీ మేడమీద గదిలో తీసుకున్నారట. తొమ్మిదిమంది ప్రజలు వచ్చారట. వాళ్ళలో ఇద్దరు పుస్తకాలు తిరిగివ్వడానికి వచ్చి, బిస్కెట్లు కనబడితే ఆగినవాళ్ళు.

వైకురి లోయ మరాయె వెనక, అంటే హురియా తెగవాళ్ళ ఉమ్మడి సభాస్థలం వెనక, కంచె దాటగానే మొదలవుతుంది. కాగితం మీద అది పార్కు భూమి. ఆ కాగితం ఎప్పుడు, ఎలా పుట్టిందన్నది వేరే కథ, అది మొదలుపెడితే మరాయె పెద్దలు భోజనాలకి కూడా లేవరు. ఏమైతేనేం, హురియా తల్లి పుతి యాభై ఏళ్ళపాటు ఆ లోయలోకి తుపాకీ, రెండు కుక్కలు, మసిబారిన టీ డబ్బా వేసుకుని వెళ్ళి, దుప్పినో పందినో భుజాన వేసుకుని వచ్చేది. ఎవరు పోయినా, ఎవరికి పెళ్ళైనా మరాయె వంటింట్లోకి మాంసం అక్కణ్ణించే. దానికి పార్కువాళ్ళు ఒక ఉచిత పర్మిట్ కార్డు ఇచ్చేవారు. పుతి దాన్ని ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతంతో అంటించి పెట్టింది. లోయలో దుప్పులకి చదువు రాదు కాబట్టి కార్డు అక్కడికి మోసుకెళ్ళడం అనవసరమని ఆవిడ అభిప్రాయం.

కొత్త నిబంధన ప్రకారం ఏప్రిల్ నెల చుట్టూ ఆరు వారాలు, అంటే మగదుప్పులు కొండలు మారుమోగేలా అరిచే రోజుల్లో, లోయని లాటరీకి పెడతారు. నాలుగేసి రోజులకి ఒక జట్టు. డ్రాలో పేరు వచ్చినవాళ్ళకే వేట. మిగతావాళ్ళు లోయలో నడవచ్చు, గాలి పీల్చుకోవచ్చు, వేటాడిన జంతువు వెంట్రుక కూడా బయటికి తేకూడదు. కుక్కలైతే కివీ పిట్టల్ని తరమవని పరీక్ష పాసై సర్టిఫికెట్ తెచ్చుకోవాలి.

ఇదంతా మరో సంవత్సరం వచ్చి ఉంటే హురియా నాలుగు తిట్లతో సరిపెట్టుకునేదేమో. కానీ పుతి పోయి ఏడాది తిరుగుతోంది. ఆనవాయితీ ప్రకారం ఈస్టర్ శనివారం నాడు ఆవిడ సమాధి రాయి మీద ముసుగు తీసి, ఏడవవలసింది ఏడ్చి, రెండొందల మంది కూర్చుని తినాలి. ఆ భోజనం గురించి పుతి ఆస్పత్రి మంచం మీదే ఆర్డరు వేసి పోయింది.

"నా రాయి దగ్గర సూపర్‌మార్కెట్ కోడి పెట్టారంటే లేచొస్తా. వైకురి మాంసం పెట్టండి. చెప్తున్నా."

లేచిరాగల మనిషే. ఆ భయం ఇంటిల్లిపాదికీ ఉంది.

అందుకని డిసెంబరులో పధ్నాలుగుమంది అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ పిల్లలు తలా ఒక దరఖాస్తు పెట్టారు. పధ్నాలుగు పేర్లలో ఒక్కటైనా రాదా అని. జనవరిలో జవాబు వచ్చింది. ఒకే చిరునామా నుంచి పధ్నాలుగు దరఖాస్తులు వచ్చినందున, మోసపు ప్రయత్నంగా భావించి అన్నిటినీ తిరస్కరించడమైనది.

హురియాకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ దారిలో ఇళ్ళకి నంబర్లు లేవు. పెన్షన్లు, పన్నుల కాగితాలు, పెళ్ళిపిలుపులు, ఆఖరికి మేనల్లుడు రెవి గాడికి వాడి మాజీ పెళ్ళాం పంపే లాయరు నోటీసులు కూడా మరాయె గేటు దగ్గరున్న ఒక్క డబ్బాలోనే పడతాయి. ఎవరిది వాళ్ళు తీసుకుంటారు, ఆసక్తికరంగా ఉంటే పక్కవాళ్ళవీ తీసుకుంటారు. చిరునామా ఏదని అడిగితే అందరూ మరాయె చిరునామాయే రాస్తారు. ఇంకేం రాయాలి?

వెంటనే పార్కు శాఖ స్థానిక అధికారి లాక్లన్‌కి ఫోను చేసింది. పరాయివాడేం కాదు. చిన్నప్పుడు రెవితో కలిసి రగ్బీ ఆడి, మోకాళ్ళకి బురదతో పుతి వంటింట్లో కూర్చుని తిన్న కుర్రాడే.

"కంప్యూటరు తీసేసిందాంటీ. నా చేతిలో ఏం లేదు."

"కంప్యూటరుకి మా గేటు దగ్గర డబ్బా చూపించనా?"

"మళ్ళీ పెట్టుకోడానికి గడువు అయిపోయింది. వచ్చే ఏడాది..."

"మా అమ్మకి రాయి వచ్చే ఏడాది కాదురా వేసేది. ఈ ఏడాది."

"తెలుసాంటీ. నన్ను కూడా పిలిచారుగా. వస్తాను."

"రా. కోడి తిందువుగాని," అని ఫోను పెట్టేసింది.

*

ఈస్టర్‌కి ముందు బుధవారం సాయంత్రం లాటరీ గెలిచినవాళ్ళు వచ్చారు. నలుగురు. పట్నం నుంచి. వాళ్ళ ట్రక్కు మరాయె వంటిల్లంత ఉంది. లోయకి పోయే దారి మరాయె పొలంలోంచే పోతుంది, గేటు కూడా మరాయెదే.

రెవి ముందే గొలుసు, తాళం పట్టుకుని నిలబడ్డాడు. అడవి కొట్టే పనిలో చేతులు ముదిరినవాడు, మేనత్త మాటకి తప్ప దేనికీ లొంగడు.

"మన పొలం ఆంటీ. తాళం వేసేద్దాం. హెలికాప్టర్లో పోతారో ఈదుకుంటూ పోతారో వాళ్ళిష్టం."

"మీ నాయనమ్మ ఉన్నన్నాళ్ళు ఆ గేటుకి తాళం పడిందా?"

"నాయనమ్మ ఉన్నన్నాళ్ళు లాటరీ లేదు."

"తాళం తీసుకెళ్ళి నీ నోటికి వేసుకో. వాళ్ళని టీకి పిలువు."

గేటు దాటి వచ్చినవాడికి టీ ఇవ్వకుండా పంపడం హురియాకి చేతకాదు. కోపం ఉండటం వేరు, కెటిల్ పెట్టకపోవడం వేరు. ఆ నలుగురూ వేపుడు రొట్టెలు గోల్డెన్ సిరప్ పాకంలో అద్దుకు తింటూ లోకంలో ఇంత మంచివాళ్ళుంటారా అని మురిసిపోయారు. వాళ్ళ నాయకుడు జస్టిన్ అని పళ్ళ డాక్టరు. రెండో రొట్టెకల్లా హురియాని ఆంటీ అనేశాడు.

"ఆరేళ్ళుగా ఒక్కో చోట డ్రాలో పేరు వేస్తున్నానాంటీ. మొత్తానికి అదృష్టం తగిలింది!"

"అవును నాయనా. నీకు తగిలింది," అంది హురియా.

ఆమె పిన్ని కూతురు మాకెరె, వంటింటి తలుపు దగ్గర నిలబడి వినేసి, గిన్నె ఒకటి కావాలని కింద పడేసింది.

శుక్రవారం పొద్దున్న పదకొండింటికి ట్రక్కు లోయలోంచి బయటికి వచ్చింది. హురియా అప్పుడు గుమ్మడికాయలు చెక్కుతోంది. ఎనభై కోళ్ళు ఫ్రీజర్లో ఉన్నాయి. పొద్దుటి నుంచి ఆ ఫ్రీజర్ తలుపు తియ్యలేక, తీసే పని మాకెరెకి అప్పజెప్పింది. ట్రక్కు వెనక రెండు దుప్పి తలలు. చెట్ల కొమ్మల్లా కొమ్ములు.

"పన్నెండు కొమ్మలాంటీ! రెండోదానికి పద్నాలుగు!" జస్టిన్ ముఖం పెళ్ళికొడుకులా వెలిగిపోతోంది.

"మిగతాదేదీ?"

"ఏం మిగతాది?"

"తలకి కింద ఒళ్ళుంటుంది కదా బాబూ. నువ్వు చూసే ఉంటావు."

"ఓ, అదా. అక్కడే ఉంది. రెండు గంటల నడక కదాంటీ. తలలే చచ్చేంత బరువు. కొమ్ములు ఎక్కడా తగలకుండా తేవాలి." అతను ఒక ప్లాస్టిక్ సంచీ ఆమె చేతిలో పెట్టాడు. "వీపు మాంసం మాత్రం కోసుకొచ్చాం. ఇది మీకు. రేపు మీ ఫంక్షన్‌కి."

రెండు కిలోలుంటుంది. రెండొందల మందికి.

తిండి చేతికిస్తే వెనక్కి తొయ్యడం ఆ ఇంట్లో లేదు. హురియా తీసుకుంది. థాంక్స్ కూడా చెప్పింది. ఆ థాంక్స్ విన్న మాకెరె ఎందుకైనా మంచిదని కత్తుల సొరుగు మూసేసింది.

"ఎక్కడ పడ్డాయి?"

జస్టిన్ ఫోనులో పటం చూపించాడు. వాగు రెండుగా చీలే చోట, కొండచరియ కింద చదును నేల. హురియాకి ఆ నేల తెలుసు. ఆమె తొమ్మిదేళ్ళప్పుడు తల్లి పక్కన కూర్చుని మొదటిసారి నల్లటి టీ తాగింది అక్కడే. ఒక దుప్పిని కొడితే నాలుక దగ్గర్నుంచి డెక్కలదాకా ఏది ఎవరికి పంచాలో పుతి వేళ్ళమీద చెప్పింది కూడా అక్కడే.

"మీరు మళ్ళీ వెళ్ళి దాన్ని మోసుకురాగలరా? మావాడు దారి చూపిస్తాడు."

జస్టిన్ తన మోకాళ్ళ వైపు చూసుకున్నాడు. మిగతా ముగ్గురూ ట్రక్కు వైపు చూశారు. "పిల్లలు పడవ షికారుకి ఎదురు చూస్తున్నారాంటీ. రాత్రికల్లా పట్నం చేరాలి. మీరే తెచ్చుకోండి, మాకేం అభ్యంతరం లేదు. సంతోషం కూడా."

హురియా లాక్లన్‌కి ఫోను చేసింది. పండగ పూట ఫోను ఎత్తినందుకు అతన్ని మెచ్చుకోవాలి.

"ఆంటీ, పర్మిట్ ఉన్నవాళ్ళే స్వయంగా బయటికి తేవాలి. వేరేవాళ్ళు తేవాలంటే బదిలీ ఫారం ఉంటుంది. దానిమీద ఆఫీసు సంతకం కావాలి."

"పెట్టు సంతకం."

"నాది సరిపోదు. పట్నం ఆఫీసుది కావాలి. మంగళవారం తెరుస్తారు."

"మంగళవారానికి అది పురుగులకి పండగ భోజనంరా."

"నాకు తెలుసు..."

"చంపి పారేసి పోతే తప్పు లేదు. పారేసింది ఏరుకుని తింటే తప్పు. ఇదేనా నిబంధన? ఇంకోసారి చెప్పు, నాకు సరిగ్గా అర్థమైందో లేదో."

"రాసినవాళ్ళు ఇలా అవుతుందని అనుకుని ఉండరాంటీ."

"అనుకోడానికి ఇక్కడికి రావాలి కదా."

ఫోను పెట్టి, ఆప్రాన్ విప్పబోయి, మళ్ళీ బిగించి కట్టుకుంది.

"మాకెరే, పిండి సంచులు ఎన్నున్నాయి?"

"ఎందుకక్కా?"

"ఎన్నున్నాయే?"

"ఓ పది. చాలకపోతే దిండు గలీబులున్నాయి," అంది మాకెరె. ఎందుకో అప్పటికే తెలిసిపోయింది.

వంటింట్లో పదకొండుమంది ఆడవాళ్ళు రబ్బరు బూట్లు తొడుక్కున్నారు. రెవి తుపాకీ లేకుండా, కుక్కలు లేకుండా, ఒక్క చాకు మాత్రం నడుముకి కట్టుకుని ముందు నిలబడ్డాడు. "ఆంటీ, నీ మోకాలు?"

"అదీ వస్తుంది."

అప్పుడు హోహెపా అడ్డం వచ్చాడు. పుతి తమ్ముడు. ఎనభై ఒకటి. మరాయె తరఫున మాట్లాడే పెద్దమనిషి, వచ్చిన అతిథులకి ఎదురుగా బల్లమీద కూర్చుని ఉపన్యాసాలివ్వడమే తప్ప జన్మలో వంటింటి గడప తొక్కలేదు.

"హురియా, రేపు రాయి. ఇవాళ పోలీసులతో గొడవేంటి? మరాయె పేరేం కావాలి?"

"రేపు రెండొందల మంది ముందు పుతికి ఫ్రీజరు కోళ్ళు పెడితే మరాయె పేరు ఏమవుతుంది అంకుల్?"

"అది కాదు. అందరూ పోతే వంటింట్లో ఎవరుంటారు?"

హురియా గుమ్మడికాయ చెక్కే కత్తి ఆయన చేతిలో పెట్టింది. "మీరు. నలభై ఆరు కాయలున్నాయి. పెచ్చు పల్చగా తియ్యండి."

ఆయన ఆ కత్తి వైపు, అక్క కూతురి వైపు మార్చి మార్చి చూసి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

*

దారంతా మాకెరె నోరు ఆగలేదు. "ఈ సీజన్లో మగదుప్పి కంపు కొడుతుందక్కా. రెవి సాక్సులే నయం."

"నా సాక్సుల్ని చూశావా ఎప్పుడైనా?" అన్నాడు రెవి.

"చూడక్కర్లేదురా, గాలి చెప్తుంది."

నిజానికి తినడానికి ఎవరూ ఈ రోజుల్లో అరిచే మగదాన్ని కొట్టరు. పుతి ఎప్పుడూ కుర్ర దుప్పిని చూసుకునేది. గోడ కోసం కాదు, కుండ కోసం కాల్చేది. కానీ ఏరుకునేవాళ్ళకి ఎంపికెక్కడిది?

వాగు చీలిక దగ్గరికి వచ్చారు. చరియ నీడలో రెండు తలలేని దుప్పులు. వీపు పొడుగునా తోలు చీల్చి, రెండు పట్టీలు కోసుకుని, మిగతాది అలా వదిలేశారు. పక్కన బీరు డబ్బాలు నాలుగు, ఒక చిప్స్ పాకెట్టు. చల్లటి నేల కాబట్టి మాంసం బాగానే ఉంది. ఈగలు అప్పుడే ఆరా తీస్తున్నాయి.

హురియాకి ఏడుపు రాలేదు. ఏడుపు రేపటి పని. ఈ లోయలో యాభై ఏళ్ళు చెడు మాట పడకుండా తిరిగిన మనిషి కూతురు మోసగత్తె అయింది కంప్యూటరుకి. ఈ పని చేసి పోయినవాడు మాత్రం నిబంధనల్లో ఒక్కటీ మీరలేదు. ఒక్కటీ.

మాకెరె నాలుగు ప్రార్థన మాటలు చెప్పింది. తరవాత రెవి చాకు తీశాడు. తొడలు, జబ్బలు, మెడ, పక్కటెముకలు, గుండె, కాలేయం. పుతి చెప్పిన వరసలోనే కోశాడు, ఎవరూ గుర్తు చెయ్యనక్కర్లేకపోయింది. బీరు డబ్బాలు కూడా సంచీలో పడ్డాయి. హురియా భుజానికి ఒక జబ్బ ఎక్కింది. మోకాలు తన అభిప్రాయం చెప్పింది. ఆమె దాన్ని కూడా ప్రజాభిప్రాయం కిందే జమకట్టి ముందుకి నడిచింది.

పొద్దు కొండ దిగకముందే మరాయె చేరారు. హోహెపా ముప్పై ఎనిమిది కాయలు చెక్కి, రెండు వేళ్ళకి పట్టీలు వేసుకుని, "పెచ్చు పల్చగానే వచ్చింది," అన్నాడు, ఉపన్యాసం ముగించినంత గంభీరంగా.

మర్నాడు తెల్లవారగానే రాళ్ళు కాల్చి, హాంగీ గొయ్యిలో మాంసం, గుమ్మడి, చిలగడదుంపలు పేర్చి, తడిగుడ్డలు కప్పి మట్టి పోశారు. కంపు కొట్టే మెడ ముక్కల్ని మాకెరె పూహా ఆకుతో రెండు నీళ్ళు మార్చి ఉడికించింది. ఆ చేతిలో ఏదైనా దారికి వస్తుంది.

*

రాయి మీద ముసుగు తీసినప్పుడు హురియా ఏడ్చింది. బాగా ఏడ్చింది. తరవాత ముక్కు తుడుచుకుని వంటింట్లోకి పరిగెత్తింది.

భోజనశాలలో లాక్లన్ ముందు బల్ల దగ్గర పెద్దల పక్కన కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా, టై. మొదటి ప్లేటు మాట్లాడకుండా తిన్నాడు. రెండోది అడిగి వేయించుకున్నాడు. సగంలో నమలడం నెమ్మదించింది. పల్లెటూళ్ళో పుట్టినవాడు, నాలుకకి నిజం తెలుస్తుంది. తలెత్తి చూస్తే ఎదురుగా హురియా గరిటెతో నిలబడి ఉంది.

"ఇది కోడి కాదు కదాంటీ."

"కాదు. వైకురి. నిన్న మేమే తెచ్చాం."

లాక్లన్ చెవులు ఎర్రబడ్డాయి. గొంతు తగ్గించాడు. "నేనేం వినలేదు. నేనేం చూళ్ళేదు. సరేనా?"

"చూళ్ళేదంటే ఎలా? రెండు ప్లేట్లు తిన్నావు."

"ఇవాళ పుతి నాయనమ్మ రోజు. నేను వదిలేస్తున్నానాంటీ. మీరు కూడా వదిలెయ్యండి."

మంచి మాటే. అలా అనడానికి అతని ఉద్యోగానికి కొంత తెగింపు కావాలి కూడా. హురియాకి అది తెలుసు. అందుకే ఇంకా ఒళ్ళు మండింది.

"నువ్వు వదిలేస్తే అది నీ దయ లాక్లన్. మా అమ్మ లోయలో మాంసం తినడానికి నీ దయ దేనికిరా నాకు? రేపు నీకు బదిలీ అయ్యి ఇంకోడొస్తాడు. వాడికి ఇక్కడ ఎవరూ అన్నం పెట్టి ఉండరు. రాయి. నేరం రాయి."

"రాస్తే కోర్టుకెళ్ళాలాంటీ! జరిమానా కట్టెయ్యడం కాదు, ఇది మేజిస్ట్రేటు ముందుకెళ్ళే కేసు."

"అదే నాక్కావాలి. కోర్టులో నన్ను నిలబెట్టి, ఏం జరిగిందో చెప్పమని అడుగుతారు కదా? ఇంతవరకు ఎవరూ అడగలేదు. వెళ్ళి పుస్తకం తే."

లాక్లన్ హోహెపా వైపు చూశాడు, పెద్దాయన సర్దిచెప్తాడేమోనని. హోహెపా పట్టీల వేళ్ళతో ఎముక మూలుగ పీల్చడంలో మునిగిపోయి ఉన్నాడు.

అతను లేచి ట్రక్కు దగ్గరికి వెళ్ళి నోటీసు పుస్తకం తెచ్చాడు. ప్లేట్లు పక్కకి జరిపి, టై భుజం మీదికి వేసుకుని రాయడం మొదలుపెట్టాడు. హాలంతా చూస్తోంది.

"మాంసం ఎంత?"

"తూచలేదు. రెండొందల మంది తిన్నంత."

"బయటికి తెచ్చింది ఎవరు?"

"నేను."

"ఏంటక్కా, నువ్వొక్కదానివేనా?" మాకెరె వంటింటి కిటికీలోంచి సగం బయటికి వచ్చేసింది. "నేను మోసిన తొడ నీ ఖాతాలో వేసుకుంటావా? నా నడుము ఇంకా పీకుతోంది ఇక్కడ. రాయవయ్యా, మాకెరె."

ఆమె వెనక ఇంకో పేరు వినిపించింది. ఇంకొకటి. రెవి లేచి, కోసింది తనేనని, ఆ సంగతి విడిగా రాయాలని పట్టుబట్టాడు. లాక్లన్ పేజీ తిప్పి, మళ్ళీ తిప్పి, కార్బన్ కాగితం కోసం జేబులు తడుముకున్నాడు. ఎవరో కుర్చీ తెచ్చి వేశారు. ఎవరో అతని ముందు ఆవిరి పుడ్డింగు, కస్టర్డు పెట్టారు.

"తినొచ్చా?" అన్నాడు బిక్కుబిక్కుమంటూ.

"అతిథివి. ఎందుకు తినవు?" అంది హురియా. నోటీసు అందుకుని, కళ్ళజోడు నుదుటి మీంచి దించుకుని, మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివింది. 'కారణం' అన్న చోట 'అనుమతి లేకుండా వేట మాంసం కలిగి ఉండుట' అని రాసి ఉంది. దాని కింద ఖాళీ చూపించింది.

"ఇక్కడ రాయి. రెండు దుప్పుల్ని లోయలో కుళ్ళడానికి వదిలేసి పోయారు, వాళ్ళ మీద ఏ కేసూ లేదు అని."

"అది ఈ ఫారంలో..."

"జాగా ఉంది. రాయి."

రాశాడు. ఆమె సంతకం పెట్టింది. తరవాత ఆ కాగితాన్ని దీపం కిందికి జరిపి, హాలు చివరి బల్లదాకా వినబడేలా గొంతెత్తింది.

"జూన్ పదిహేడు, బుధవారం, పొద్దున్న పదింటికి, పట్నం కోర్టు. వచ్చేవాళ్ళు ఇప్పుడే చేతులెత్తండి. మధ్యాహ్నం ఎంతమందికి వండి పట్టుకెళ్ళాలో నాకు లెక్క తెలియాలి."